వేసవిలో వంతులు

ఏప్రిల్ నెల చివరకు వచ్చుసరికి బడిగంట ఆ యేటికి చివరిసారి మ్రోగును. పుస్తకముల సంచులు అటుక యెక్కును. జూన్ నెలలో, సాధారణముగా 12వ తేదీ ప్రాంతమున, బడులు మరల తెరచువరకు రమారమి ఏడు వారములు పిల్లలు స్వతంత్రులు. పట్టణములలో ఉద్యోగములు చేయువారు తమ బిడ్డలను వెంటబెట్టుకొని పల్లెలోని పెద్దలయింటికి వత్తురు. ఏడాది పొడవున నెమ్మదిగా నడచిన ఇల్లు ఒక్క వారములో పెండ్లివారి విడిదివలె మారిపోవును.

ఉమ్మడి కుటుంబములు నేడు పూర్వమువలె లేవు. ఊళ్ళు వేరైనవి, పొయ్యిలు వేరైనవి. అయినను వేసవి వచ్చినపుడు తెలుగునాట అనేక కుటుంబములు కొద్ది వారములపాటు మరల ఉమ్మడి కుటుంబములగును. అట్టి ఇల్లు ఒకటి కోస్తా పల్లెలో ఉన్నదనుకొనుడు. అందు తాతయ్య, నాయనమ్మ. వ్యవసాయము చూచుకొనుచు వారితోనే ఉన్న పెద్దకుమారుడు, అతని భార్య. పట్టణమునుండి వచ్చిన చిన్నకుమారుడు, అతని భార్య. సెలవులకు పుట్టినింటికి వచ్చిన కుమార్తె ఉన్నారు. వీరు ఏడుగురు పెద్దలు. పిల్లలును ఏడుగురే. వారిలో పెద్దది ఎనిమిదవ తరగతి చదువుచున్న బాలిక. ఆమె తరువాత పండ్రెండేండ్ల బాలుడు, పదేండ్ల బాలుడు, తొమ్మిదేండ్ల బాలిక, ఎనిమిదేండ్ల బాలుడు. అందరికంటె చిన్నవారు నాలుగేండ్ల పసివాడు, ఏడాదిన్నర నిండిన పాప. కొందరు ‘నాయనమ్మా’ అని, కొందరు ‘అమ్మమ్మా’ అని పిలిచినను పలుకునది ఒక్కతెయే.

ఇట్టి ఇంటిలో వేసవి పగలు ఎంత సంతోషముగా గడచును! తెల్లవారగానే పిల్లలు పెరటిలోని మామిడిచెట్టు క్రింద రాలిన కాయల కొఱకు పరుగెత్తుదురు. చద్దన్నములో మజ్జిగ పోసికొని, ఉల్లిపాయ నంజుకొని తిందురు. పది గంటలకే ఎండ ముదురును. అప్పుడు వీథి తలుపులు మూసి, కిటికీలకు వట్టివేళ్ళ తడికలు కట్టి, వానిపై నీళ్ళు చల్లుదురు. గదిలో చల్లని సువాసన నిండును. నేలపై సుద్దతో గడులు గీచి అష్టాచెమ్మా ఆడువారు కొందరు. చింతపిక్కలతో వామనగుంటలు ఆడువారు కొందరు. మధ్యాహ్నము తాటిముంజలు వచ్చును. సాయంకాలము బంగినపల్లి మామిడిపండ్లో, రసములో బుట్టలలోనుండి వెలికి వచ్చును. చీకటిపడినంతనే డాబాపై ప్రక్కలు పరతురు. ఉత్తరపు ఆకాశమున సప్తర్షి మండలము, అందు వసిష్ఠుని ప్రక్కనే చిన్నచుక్కగా అరుంధతి కనబడును. రాత్రి గడచినకొలది ఆగ్నేయదిక్కున ఎఱ్ఱని జ్యేష్ఠానక్షత్రముతో వృశ్చికరాశి పైకి లేచును. తాతయ్య ఒక్కొక్క చుక్కను చూపి కథ చెప్పుచుండగా పిల్లలు ఒక్కరొక్కరుగా నిద్రలోనికి జారుదురు.

ఈ సుఖమంతయు దానంతట అది వచ్చునదియేనా? ఒక్క మంచినీటికుండనే చూడవచ్చును. మట్టికుండకు కంటికి కనబడని సన్నని రంధ్రములు అసంఖ్యాకముగా ఉండును. వానిగుండ నీరు మెల్లగా బయటకు ఊరి, గాలికి ఆవిరియగును. ఆవిరియగుటకు కావలసిన వేడిని లోపలి నీటినుండియే గ్రహించును. అందుచేత కుండలోని నీరు చల్లబడును. ఇది ప్రకృతి చేయు పని. కాని ఆ కుండను ప్రతిదినము కడుగుట, నీరు తెచ్చి నింపుట, క్రింద ఇసుక తడుపుట ప్రకృతి చేయదు. డాబా పగలంతయు ఎండను త్రాగి రాత్రి వేడిని విడుచును. ప్రొద్దు గ్రుంకినపుడు బిందెలతో నీళ్ళు మోసి చల్లినగాని అక్కడ నిద్రపట్టదు. ఆ నీళ్ళను ఎవరో ఒకరు మోయవలెను. ప్రక్కలు పరచి, తెల్లవారిన తరువాత వానిని మరల చుట్టి దింపవలెను. పదునలుగురు తిన్న కంచములను కడుగవలెను. ఎండబెట్టిన వడియములకు కాకులు రాకుండ కావలి యుండవలెను. పాపను ఎత్తుకొనవలెను.

ఆ యింట ఎక్కువ మంది నిద్రలేవకముందే, నాలుగు గంటలకు, నాయనమ్మ లేచును. కోడండ్రిద్దరు వెంటనే లేతురు. పుట్టినింట విశ్రాంతి తీసికొనవచ్చిన కుమార్తె రెండు దినములు గడవకమునుపే వంటయింటిలో చేరును. బయట నీడలోనే ఒడలు కాలుచున్న దినములలో పొయ్యి ప్రక్కన ఎట్లుండునో చెప్పనక్కరలేదు. ఇక ఎనిమిదవ తరగతి బాలిక సంగతి. ఆమెకును వేసవి సెలవులే. కాని తమ్ములు మామిడిచెట్టు క్రింద ఉండగా ఆమె కుండలు నింపుచుండును. వారు అష్టాచెమ్మా ఆడుచుండగా పాపను చంకనెత్తుకొని గుమ్మములో నిలిచి ఆట చూచుచుండును. గ్రంథాలయమునుండి తెచ్చుకొన్న కథలపుస్తకములో గుర్తు పెట్టిన పుట వారము దినములైనను ముందుకు జరుగదు. ఆమెను ఎవరును తిట్టలేదు, కొట్టలేదు. “మా బంగారుతల్లి, ఎంత పనిమంతురాలు!” అని అందరును మెచ్చుకొందురు. మెచ్చుకోలు ఆమెకు, సెలవులు తమ్ములకు.

ఇది ఒక్క యింటి మాట కాదు. 2019వ సంవత్సరమున జాతీయ గణాంక కార్యాలయము దేశమంతట కాలవినియోగముపై సర్వే జరిపినది. ఆరేండ్లు నిండిన వారందరిని అందులో లెక్కించిరి. ఇంటివారి కొఱకు జీతము లేని ఇంటిపని ఒక దినములో ఏ కొంచెమైనను చేసినవారు ఆడవారిలో నూటికి 81 మంది, మగవారిలో నూటికి 26 మంది మాత్రమే. అట్లు పనిచేసినవారిలోనైనను స్త్రీలు దినమునకు సగటున 299 నిమిషములు, పురుషులు 97 నిమిషములు దానికి వెచ్చించిరి. అనగా ఒకరు ఇంచుమించు అయిదు గంటలు, మరియొకరు గంటన్నరకు కొంచెము పైగా. ఇది ఏడాది పొడవున ఉన్న లెక్క. వేసవిలో ఇంటికి నలుగురైదుగురు అదనముగా చేరినపుడు ఆ బరువు ఎటు పెరుగునో ఊహించుట కష్టము కాదు.

తెలుగులో ‘వంతు’ అను మంచిమాట ఒకటి కలదు. పండును పంచినపుడు ఒక్కొక్కరికి వచ్చు భాగము వంతు. ఒకరి తరువాత ఒకరు చేయవలసిన పనియు వంతే. ఒకే మాటలో హక్కును, బాధ్యతను పెద్దలు ఇమిడ్చిపెట్టిరి. పిల్లలకు మొదటి అర్థము చాల చక్కగా తెలియును. రెండవ అర్థము తరచుగా మరపునకు వచ్చును.

ఆ యింట ఒకనాడు ముంజలకాయలు తెచ్చిరి. ఒక్కొక్క కాయలో సాధారణముగా మూడు ముంజలుండును. ఏడు కాయలు కోయగా ఏడుగురు పిల్లలకు తలకు మూడేసి లెక్క. పండ్రెండేండ్ల బాలుని ఆకులో రెండే పడినవి.

“నాయనమ్మా, నా వంతుకు రెండే వచ్చాయి. అందరికీ సమానంగా రావద్దూ?” అని అతడు అడిగెను.

“రావాలి నాయనా. లెక్క తప్పాను. ఇదిగో మూడోది” అని ఆమె ముంజ నిచ్చి, “పొద్దున్న కుండలు నింపారు కదా, నీ వంతు ఎన్ని బిందెలు?” అనెను.

“అక్క నింపింది నాయనమ్మా.”

“నిన్న?”

“నిన్న కూడా అక్కే.”

“అలాగా! ముంజల్లో వంతు నీకూ ఉంది, బిందెల్లో వంతు అక్క ఒక్కదానికేనా?”

బాలుడు ముంజ చేత పట్టుకొని కొంతసేపు మాటాడలేదు. అతడు చెడ్డవాడు కాడు. ఆ లెక్క అతనికి అంతవరకు ఎవరును చెప్పలేదు, అంతే.

కొందరు పెద్దలు దీనికి ఆక్షేపణ చెప్పుదురు. కుటుంబమన్నది ప్రేమతో నడచునది, అందు లెక్కలు చూచుట తగదందురు. ఈ మాటలో సగము నిజము కలదు. పెట్టు చేయి లెక్క చూడదు. ఎన్ని ముద్దలు కలిపితినని తల్లి ఎన్నడును లెక్కింపదు. కాని తిను చేయి మాత్రము లెక్క మరువరాదు. పెట్టువారు లెక్కింపకపోవుట ప్రేమ. తినువారు లెక్కింపకపోవుట మరపు. ఈ రెంటిని ఒకటిగా ఎంచినచో ప్రేమ పేరిట కొందరు అలసిపోవుచుందురు, కొందరు ఆడుకొనుచుందురు. అంతేగాక పిల్లలు ముంజలను, మామిడిపండ్లను, చివరకు డాబాపై చల్లగాలి తగులు చోటును సైతము పట్టుదలతో లెక్కించి పంచుకొందురు. తీపిలో తగిన లెక్క శ్రమలో తగకపోవుట ఎట్లు?

మరికొందరు, నీళ్ళు తెచ్చుట, కంచములు కడుగుట, పసిబిడ్డను ఆడించుట ఆడపిల్లల పనులనియు, మగపిల్లలకు అవి తగవనియు చెప్పుదురు. ఈ మాట మన భాషకే సరిపడదు. రుచియైన వంటను తెలుగువారు ఏమని మెచ్చుకొందురు? ‘నలభీమపాకము’ అని. నలుడు మహారాజు, భీముడు గదాయుద్ధమున మేటి. అజ్ఞాతవాసమున విరాటుని కొలువులో భీముడు వలలుడను పేర వంటవాడై ఏడాది గడపెను. గరిటె పట్టినంత మాత్రమున అతని పరాక్రమము తగ్గలేదు. సబర్మతిలోను, సేవాగ్రామమునందును గాంధీమహాత్ముని ఆశ్రమములలో మరుగుదొడ్ల శుభ్రతతో సహా పనులన్నియు ఆశ్రమవాసులే పంచుకొని చేసిరి. పనికి ఆడ మగ భేదము లేదు. చేయగల చేతులు, చేయలేని చేతులు అను భేదమే కలదు. ఎనిమిదేండ్లు దాటిన బాలుని చేతులు కంచము కడుగగలవు.

“పాపము, చిన్నపిల్లలు! ఏడాదియంతయు చదివి అలసినారు. సెలవులలోనైన ఆడుకొననీయరాదా?” అను వారును ఉందురు. ఈ జాలి మంచిదే. ఆట పిల్లల హక్కు; దానిని ఎవరును హరింపరాదు. ఇది కూలిపనికి పంపుటను గూర్చిన మాట కాదు, అది తప్పు. ఇంటి పనుల మాటనే లెక్కవేసి చూడవచ్చును. పిల్లలు చేయదగిన పనులు ఆ యింట దినమునకు రెండున్నర గంటలు పట్టుననుకొనుడు. అది 150 నిమిషములు. ఆ పనులు ఎనిమిదవ తరగతి బాలికయే చేసినచో ఆమె ఉదయము, సాయంకాలము రెండును పోవును. ఎనిమిదేండ్లు నిండిన అయిదుగురును పంచుకొన్నచో ఒక్కొక్కరికి 30 నిమిషములు వచ్చును. అరగంట పనిచేసిన బాలుని ఆట చెడదు. రెండు గంటలు మిగిలిన బాలికకు మాత్రము సెలవులు తిరిగి వచ్చును. కనుక ఆట యందు ప్రేమ కలవారు కోరవలసినది పని పంపకమునే.

పని పంచుకొన్నపుడు అది ఎట్లు పండుగయగునో తెలిసికొనుటకు ఆవకాయ పెట్టు దినమే చాలును. ఆనాడు ఊరక కూర్చున్నవాడు ఇంట ఒక్కడు కనబడడు. పుల్లని, పీచుగల గట్టికాయలను తాతయ్య ఏరి తెచ్చును. బాలురు వానిని నీళ్ళలో కడిగి గుడ్డపై ఆరబెట్టుదురు. పెద్దకుమారుడు టెంకతోకూడ ముక్కలు కొట్టును. పిల్లలు వరుసగా కూర్చుండి ఒక్కొక్క ముక్కలోని జీడిని తీసి, లోపలి సన్ననిపొరను ఒలిచి, పొడిగుడ్డతో తుడుతురు. ఈ తుడుచుట చిన్నపని వలె కనబడును గాని దానిమీదనే ఏడాది పచ్చడి ఆధారపడి యుండును. ముక్కపై తడి నిలిచినచో జాడీలో బూజు పట్టును. ఆవపిండి, కారము, ఉప్పు కొలిచి పోసి, నువ్వులనూనెతో కలిపి, జాడీకెత్తి వాసెన కట్టుదురు. మూడవనాడు తిరగకలుపుదురు. కలిపిన పళ్ళెములో అడుగున మిగిలిన గుజ్జులో నాయనమ్మ వేడియన్నము వేసి, ముద్దలు చేసి, చుట్టును కూర్చున్న వారి చేతులలో ఒక్కొక్కటిగా పెట్టును. ఆ ముద్దకు అంత రుచి వచ్చుటకు కారము, నూనె మాత్రమే కారణములు కావు. తుడిచిన చేతులే తినుచున్నవి. ఆవకాయనాడు చేయగలిగినది తక్కిన దినములలో ఏల చేయరాదు?

వంతులు పెట్టుకొనుటకు ఇంతకంటె బలమైన కారణము మరియొకటి కలదు. ‘మంది ఎక్కువైతే మజ్జిగ పలుచన’ అని సామెత. ఎండకాలమున మజ్జిగ పలుచనైనను నష్టము లేదు. బాధ్యత పలుచనైనచో మాత్రము ప్రమాదము. ఇంట పదునలుగురు ఉన్నపుడు ఏడాదిన్నర పాపను ఎవరు కనిపెట్టుచున్నారు? పాప అమ్మమ్మ యొద్ద ఉన్నదని తల్లి అనుకొనును. పిల్లలతో ఆడుచున్నదని అమ్మమ్మ అనుకొనును. లోపలికి వెళ్ళినదని పిల్లలు అనుకొందురు. అందరును చూచుచున్నారని అనుకొన్న వేళనే ఎవరును చూడరు. పెరటిలో బావియుండును, బావి లేనియింట నీళ్ళతొట్టి యుండును. పసిబిడ్డకు ప్రాణాపాయము కలుగుటకు లోతైన నీరే కానక్కరలేదు. మూతలేని తొట్టిలో జానెడు నీరు చాలును. ఎక్కువసేపు కూడ పట్టదు. ఒక్కరే బిడ్డను చూచుకొను చిన్నయింటికంటె పెద్దయింట ఈ భయము తక్కువని అనుకొనుట పొరపాటు. ‘ఈ గంట పాప నా వంతు’ అని ఒకరు స్పష్టముగా పలికి, ఆ గంట ముగిసినపుడు ‘ఇక నీ వంతు’ అని మరియొకరి చేతికి అప్పగించినపుడే పాప నిజముగా పదునలుగురి నడుమ ఉన్నట్లు.

ఎండ విషయమున కూడ ఇట్లే జాగ్రత్త అవసరము. తెలుగునేలపై వేసవి మామిడిపండ్ల ఋతువు మాత్రమే కాదు. 2003వ సంవత్సరపు వేసవిలోను, 2015వ సంవత్సరపు మే నెలలోను వీచిన వడగాడ్పులకు ఆంధ్రప్రదేశమున ప్రతిసారియు వేయిమందికి పైగా మరణించిరి. వడదెబ్బ ముందుగా పట్టునది ముదుసలులను, పసివారిని, ఎండలో పనిచేయువారిని. ముదుసలికి దప్పిక సరిగా తెలియదు; పసిబిడ్డకు తెలిసినను చెప్పుట చేతకాదు. కనుక గంటకొకసారి తాతయ్యకు, నాయనమ్మకు మంచినీళ్ళో, ఉప్పు కలిపిన పలుచని మజ్జిగయో అడుగకయే అందించుట ఒక వంతుగా ఉండవలెను. దానిని ఎనిమిదేండ్ల బాలుడు చేయగలడు. ఎవరికైనను తలతిరిగి, ఒడలు నిప్పువలె కాలుచు, మాట తడబడినచో వెంటనే పెద్దలను పిలువవలెను. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, తడిగుడ్డతో ఒడలు తుడుచుచు విసరవలెను. తెలివితప్పిన వారి నోట నీరు పోయరాదు. ఆలస్యము చేయక 108 సంఖ్యకు ఫోను చేయవలెను. పొయ్యిముందు గంటలకొలది నిలుచువారును ఎండలో పనిచేయువారి వంటివారే అను సంగతిని కూడ ఇంటివారు మరువరాదు. అందరికిని మజ్జిగ కలిపి పంపిన పిన్ని తాను త్రాగినదో లేదో అడుగువారు ఒకరైనను ఉండవలెను.

వంతులు ఏర్పరచుట కష్టము కాదు. సెలవుల మొదటినాడే పెద్దలును, పిల్లలును కూర్చుండి ఇంటి పనులన్నింటిని ఒక కాగితముపై వ్రాయవలెను. చాలయింట్లలో ఇట్లు వ్రాసినపుడే ఆ పనులు ఎన్ని ఉన్నవో పిల్లలకు మొదటిసారి తెలియును. పిమ్మట చీట్లు వేసి పంచుకొనవలెను. వారమున కొకసారి వంతులు మారవలెను. లేనిచో తేలికపని దొరికినవాడు దానినే పట్టుకొని విడువడు. అక్క పని తమ్మునికి, తమ్ముని పని అక్కకు రావలెను. నాలుగేండ్ల పసివానికి కూడ ఒక చిన్నవంతు ఉండవలెను. వాడు అందరికి గ్లాసులు తెచ్చి పెట్టుటకు, ఆరిన రుమాళ్ళు మడచుటకు ఎంతో గర్వపడును. మరుగుచున్న నీరు, పొయ్యి, కత్తి, బావిగట్టు మాత్రము పెద్దల వంతు. అవి పిల్లలకు రారాదు. పెద్దకుమారుడు, చిన్నకుమారుడు సైతము కాగితమునందు తమ పేర్లు చూచుకొనవలెను. తండ్రి కంచము కడుగగా చూచిన కుమారుడు తాను కడుగుటకు సిగ్గుపడడు. తండ్రి కూర్చుండి ఆజ్ఞాపించినచో కుమారుడు కూర్చుండుటనే నేర్చుకొనును.

నేటి యిండ్లలో కుండకు బదులు శీతలయంత్రము, వట్టివేళ్ళ తడికకు బదులు కూలరు, అష్టాచెమ్మాకు బదులు సెల్‌ఫోను చేరినవి. వానివలన కొన్ని పనులు తగ్గినవి. అయినను శీతలయంత్రములోని సీసాలు తమంతట తాము నిండవు. కూలరులో నీరు ఎవరో ఒకరు పోయవలెను. సీసా ఖాళీచేసి మరల లోపల పెట్టువాడు, కుండ అడుగంటగా చూచి వెళ్ళిపోయిన వాడు ఒక్కడే. వస్తువులు మారినవి గాని వంతు మారలేదు.

జూన్ మొదటివారము దాటగానే మృగశిర కార్తె ప్రవేశించును. రోహిణి ఎండలకు కాగిన నేలపై మొదటిజల్లు పడును. పెట్టెలు మరల సర్దుదురు. ముంజలు తింటిమని, మామిడిపండ్లు తింటిమని, డాబాపై చుక్కలు చూచితిమని పిల్లలు బడిలో తోడివారికి చెప్పుకొందురు. ఆ యింటి బాలికయు తాను చదివి ముగించిన కథలపుస్తకమును గూర్చి చెప్పగలిగినయెడల ఆ వేసవి అందరికిని వేసవియే. పని పంచుకొన్న ఇంట రాత్రి డాబాపై ప్రక్కలు పరచునపుడు పదునాలుగు ప్రక్కలును ఒకే వేళకు నిండును. లేనిచో పదుమూడు నిండి, ఒకటి ఎంతసేపటికిని ఖాళీగా ఉండును. క్రింద వంటయింటిలో దీపము వెలుగుచుండును. పైన పరుండి ఆ దీపమును చూచిన పిల్లవాడు కథ మధ్యలోనైనను లేచి మెట్లు దిగి, “నాయనమ్మా, ఇంకా ఏం పని ఉంది? నేను చేస్తాను” అనుట నేర్చుకొన్నచో, ఏడు వారముల సెలవులలో అతడు నేర్చుకొనదగిన పాఠము నేర్చుకొన్నట్లే.